పూత పట్టిన చేతులు

ఇంగ్లండులో పింగాణీ బట్టీల ఊరైన బర్స్‌లెంలో జేబెజ్ ముంచిన పళ్ళెమంటే చూడగానే పోల్చుకునేవారు. ఒకసారి కాల్చిన పళ్ళెం సున్నపుముక్కలా నీళ్ళు పీలుస్తుంది. దాన్ని సీసప్పొడి, చెకుముకిరాతి పిండి కలిపిన తెల్లటి నీళ్ళలో ముంచి, తీస్తూనే మణికట్టు ఒక్క తిప్పు తిప్పాలి. తిప్పు కుదిరితే రెండో కాల్పులో పూత మీగడలా మెరుస్తుంది. ఆడవాళ్ళు దానిమీద ఎర్రగులాబీలు దిద్దుతారు. కుదరకపోతే అంచున కన్నీటిబొట్లు కడతాయి. జేబెజ్ పళ్ళేలకు బొట్లుండేవి కావు.

ఇంట్లో మాత్రం ఇద్దరు బిడ్డలు పుట్టి, నెల తిరక్కుండానే పోయారు. మూడోది డోర్కస్. దాన్ని అతను ఒక్కసారీ ఎత్తుకోలేదు. పనినుంచి రాగానే బయటే బట్టలు విప్పేసి, గడ్డకట్టే చలిలో ఒళ్ళు తోముకుని, అయినా గుమ్మం దగ్గరే కూర్చునేవాడు.

"ఎత్తుకోవయ్యా, అదేమన్నా నిప్పుకణికా?" అనేది భార్య కెజయా.

"నిప్పు నేనే. ముంచే కొట్టులో సీసం విషానికి పిల్లి కూడా బతకదు, తెలుసుగా."

"అయితే మానెయ్."

"మానేసి దానికేం పెట్టను? పళ్ళెంమీది గులాబీలా?"

ఆ చలికాలం అతని చిగుళ్ళు నల్లబడ్డాయి. చెయ్యి మందగించింది. పక్కతొట్టి దగ్గర మోజెస్ తాత నవ్వాడు.

"ఏరా, పళ్ళేన్ని ముంచుతున్నావా, బాప్తిస్మం ఇస్తున్నావా?"

జేబెజ్ కూడా నవ్వాడు. ఆ పూట అతని పళ్ళేలన్నిటికీ బొట్లు కట్టాయి. మేస్త్రీ వచ్చి చూశాడు.

"చేతులు చాపు."

చాపాడు. మణికట్లు రెండూ విరిగిన కొమ్మల్లా వేలాడాయి. మోజెస్ తాత తల దించుకున్నాడు.

"రేపటినుంచి రాకు జేబెజ్" అన్నాడు మేస్త్రీ, నెమ్మదిగానే.

అతనికి బదులు కెజయా గులాబీలు దిద్దే కొట్టులో చేరింది. వసంతం వచ్చేసరికి జేబెజ్ గోళ్ళకింద తెలుపు పోయింది. ఇక బిడ్డను ముట్టుకోవచ్చు. ఓరోజు అది ఏడుస్తుంటే వీపుకింద చేతులు దూర్చాడు. వేళ్ళు ముడుచుకోలేదు. ఎత్తితే జారుతుంది. నేలమీద వెల్లకిలా పడుకుని, మోకాలితో ఉయ్యాలతొట్టెను మెల్లగా తనవైపు వంచాడు.

చీకటిపడే వేళకు కెజయా వచ్చింది. బిడ్డ అతని గుండెమీద నిద్రపోతోంది. ముంజేతులు రెండూ దాని చుట్టూ కంచెలా ఉన్నాయి.

"ఎత్తుకున్నావా?"

"లేదు. తనే దొర్లుకుంటూ వచ్చింది."

నవ్వుతూ ఆమె బిడ్డకోసం వంగింది. వేళ్ళనిండా గులాబీల ఎరుపు. ఆ రంగుల్లోనూ సీసమే.

"అక్కడే ఆగు" అన్నాడు జేబెజ్. "ముందు చేతులు కడుక్కునిరా."