ఎడమచేతి వడ్డన

పొద్దున దీపం పెట్టాక నా వాళ్లందరినీ పేరుపేరునా తలుచుకుని, చల్లగా చూడమని దేవుణ్ణి అడుగుతాను. చివర ఒక మనిషి దగ్గరికి వచ్చేసరికి చెప్పడానికి నాకు పేరు తెలియదు. "ఎడమచేత్తో వడ్డించినామె" అంటాను. దేవుడికి ఆ గుర్తు చాలు.

మేముండేది ప్రొద్దుటూరు. నా పుట్టిల్లు పులివెందుల దగ్గర. నన్ను బడికి పంపలేదు. మా జేజి, అంటే మా నాయనమ్మ, పలక పట్టించి ఇంట్లోనే అక్షరాలు నేర్పింది. వాటితోపాటు మా వైపు నడిచే ఒక కట్టడి కూడా చెప్పింది. ఎంత పగ ఉన్నా సరే, పళ్లెం ముందర కూర్చున్న మనిషి మీద చెయ్యి వేయకూడదు. తిని చెయ్యి కడుక్కునేదాకా ఆగాలి. కడుక్కున్నాక ఇక ఏ అడ్డూ లేదు.

"కడుక్కోకపోతే?" అని అడిగేదాన్ని.

"ఎంగిలి చేత్తో ఎంతసేపు కూచుంటాడే పిచ్చిదానా!" అని జేజి నవ్వేది. నాకు అదంతా కథలాగే ఉండేది.

ఒకసారి ఎన్నికల్లో మా ఆయన తన సొంతూరి బూత్‌లో ఏజెంటుగా కూర్చున్నాడు. జమ్మలమడుగు పక్కన చిన్న పల్లె అది. ఆయనకు రాజకీయాలు లేవు. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో గుమాస్తా. మేనమామ అడిగితే కాదనలేకపోయాడు. మధ్యాహ్నం ఎవరో రెండోసారి ఓటుకు వస్తే, "నువ్వు పొద్దున్నే ఏసినావు గదప్పా" అన్నాడు. ఆ ఒక్క మాటే ఆయన చేసిన రాజకీయం.

లెక్కింపు అయిపోయింది, గొడవలు కూడా సద్దుమణిగాయనుకున్నాం. ఆయన చెల్లెలికి బిడ్డ పుడితే మోటారు సైకిలు మీద జమ్మలమడుగు వెళ్లి చూసి, మధ్యాహ్నం తిరిగి వస్తున్నాం. ఊరు దాటాక వెనక నుంచి రెండు బండ్లు వచ్చాయి. దారి ఇద్దామని మా ఆయన పక్కకు జరిగాడు. అంతలో ఒక బండి మీద వెనక కూర్చున్నవాడు ఇనుప రాడ్డు తిప్పాడు.

అది ఆయన ఎడమ భుజం మీద పడింది. ఎముక మీద ఇనుము పడిన చప్పుడు నా గుండెలో వినపడింది. బండి రోడ్డు దిగి ఒక ఇంటి ముందున్న నాపరాళ్ల ప్రహరీకి గుద్దుకుంది. మట్టిలో దొర్లి నేను లేచేసరికి ఆయన నెత్తిమీద రెండో దెబ్బ పడింది. తల చీలి, రక్తం కళ్లలోకీ మీసాల్లోకీ కారింది. వాళ్లు నలుగురు. ఒకడి చేతిలో వేటకొడవలి ఉంది.

"ఓట్లు లెక్కబెడతాడంట నాకొడుకు! నరకండ్రా, ఇంగ తెగిన చేతి యేళ్లు లెక్కబెట్టుకుంటాడు!"

కొడవలి దిగింది. ఆయన పక్కకు దొర్లాడు. అది రాతికి తగిలి నిప్పులు రాలాయి. ఎలా లేచాడో లేచి, ఎదురుగా తలుపు తెరిచి ఉన్న ఆ ఇంట్లోకి పరుగెత్తాడు. ఆయన వెనకే నేను.

లోపల నడివయసు దాటిన ఒక ఆడమనిషి ఒక్కతే ఉంది. నాపరాళ్ల ఫ్యాక్టరీ నుంచి వచ్చే భర్తకోసం పళ్లెంలో సంగటి ముద్ద పెట్టి, పక్కన చెనిక్కాయల పచ్చడి వేస్తోంది. ఆమె అరవలేదు. ఎవరు మీరని అడగలేదు. మా ఆయన్ను చూసింది, వాకిట్లో కొడవలిని చూసింది. ఆయన దెబ్బ తగలని భుజం పట్టుకుని పళ్లెం ముందర కూర్చోబెట్టింది.

"తిను."

ఆయన తెల్లమొహం వేశాడు.

"ముందు నోట్లో పెట్టుకో నాయనా!"

ఆయన ముద్ద తుంచి నోట్లో పెట్టుకోవడం, వాళ్లు గడప దాటడం ఒకేసారి జరిగాయి.

"లెయ్‌రా బయటికి!"

"తింటాండాడు, కనపడల్యా?" అంది ఆమె. "చెప్పులతో ఇంట్లోకి వచ్చినారు, ఏం మనుషులప్పా మీరు? గడప అవతల నిలబడండి. తిన్నాక వస్తాడు."

వాళ్లలో పెద్దవాడు తెల్లచొక్కా మనిషి. వెనకవాళ్లకు చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగండ్రా. అన్నం కాడ వద్దు."

గడప అవతలికి వెనక్కి తగ్గి నిలబడ్డారు, వాకిలి నిండా. ఆయన చెయ్యంతా రక్తం. ఆ చేత్తోనే తింటున్నాడని నా ప్రాణం కొట్టుకుంది. అలవాటుగా పక్కనున్న చెంబు తీసి ఆయన చేతి మీద నీళ్లు వంపబోయాను. ఆమె నా చేతిమీద ఒక్క దెబ్బ వేసింది. చెంబు ఎగిరి గోడకు తగిలింది.

"నీళ్లు ముట్టొద్దు! వాని చెయ్యి తడిసిందంటే అయిపాయ!"

అప్పుడు జేజి చెప్పిన కట్టడి కథ కాదని తెలిసింది. ఆయన తింటున్నంతసేపే బతికుంటాడు.

ముద్ద అయిపోతే ఆమె ఇంకొకటి పెట్టింది. అదీ అయిపోవస్తుంటే, "మ్మేయ్, పొయ్యి మీద ఎసరు పెట్టు" అని నాతో అంది. రెండు అగ్గిపుల్లలు గీసినా నాకు స్టవ్వు వెలగలేదు. లోపల దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాను. చివరికి మంట అంటుకుంది.

రాడ్డు పట్టుకున్నవాడు గడపను రాడ్డుతో కొడుతున్నాడు. "ఏందిమ్మో, సంగటి బాయిలోంచి తోడుతాండావా యేంది?"

"మీ యింట్లో ముద్దలు లెక్కబెడతారేమో. మా యింట్లో అడిగినోనికి అడిగినంత."

"వాడు అడగల్యా గదా!"

"నోట్లో ముద్ద పెట్టుకోని ఎట్ల అడుగుతాడ్రా? నీకు మీయమ్మ తినేటప్పుడు మాట్లాడొద్దని చెప్పల్యా?"

వెనక ఒకడు నవ్వి, వెంటనే నవ్వు మింగేశాడు.

మా ఆయనకు తిండి దిగడం లేదు. దవడ వాచింది. నెత్తి నుంచి బొట్లు బొట్లుగా రక్తం పళ్లెంలో పడుతోంది. ఒకసారి కడుపులోంచి వాంతి తన్నుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నా కళ్లలోకి చూస్తూ, దాన్ని మళ్లీ మింగాడు. నేను ముఖం తిప్పుకోలేదు. తిప్పుకుంటే ఆయన ఆపేస్తాడనిపించింది.

"పళ్లెం ల్యాకపోతే తిండి ఆడికి అయిపోయినట్టే గదా?" అన్నాడు రాడ్డువాడు. ఎవరూ బదులు చెప్పకముందే గడప దాటి వచ్చి పళ్లెం మీద రాడ్డు ఎత్తి కొట్టాడు. తెడ్డుతో సంగటి పెడుతున్న ఆమె చెయ్యి ఆ సమయానికి పళ్లెం మీదే ఉంది.

ఎండు కట్టె విరిగినట్టు వినపడింది. పళ్లెం వంగిపోయింది. ఆమె కుడి మణికట్టు పక్కకు వేలాడింది. పెదవి కొరుక్కుని అలాగే చతికిలబడింది. పెదవి తెగి అక్కడా రక్తం.

ఆమె కింద పడిన తెడ్డును ఎడమచేత్తో తీసింది. గిన్నె అడుగు నుంచి సంగటి గీకి, వంగిన పళ్లెంలో పెట్టింది.

"ఎడం చేత్తో పెడతాండా, తప్పు పట్టుకోవద్దు నాయనా. తిను."

మా వైపు ఎడమచేత్తో వడ్డించడం తినేవాణ్ణి అవమానించడమే. మా ఆయన కదలని ఆ భుజాన్ని కూడా కదిలించి, రెండు చేతులూ చాపి పళ్లేన్ని దగ్గరికి లాక్కున్నాడు. నొప్పికి గట్టిగా మూలిగాడు. మూలుగుతూనే తిన్నాడు.

తెల్లచొక్కా మనిషి రాడ్డువాణ్ణి జుట్టు పట్టి గడప అవతలికి ఈడ్చాడు. ముఖం మీద, మెడ మీద, దొరికినచోటల్లా కొట్టాడు. "అన్నం పెట్టే చెయ్యి ఇరగ్గొట్టినావు గదరా! ఈ మాట తెలిస్తే నా పెండ్లాం నాకు కూడు పెడతాదా?" వాడి ముక్కు పగిలేదాకా వదల్లేదు.

తర్వాత వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఆమె వైపు చూడలేకపోయాడు. మా ఆయనతో మాత్రం అన్నాడు. "ఇంగోసారి ఆ బూత్‌లో కనపడితే అన్నం కాడ గూడా ఆగము."

బయట మా బండిని రాళ్లతో పగలగొట్టి, పెట్రోలు కార్చి అంటించారు. నల్లటి పొగ ఇంట్లోకి వచ్చింది. ఆ పొగలోంచే వాళ్ల బండ్లు వెళ్లిపోయిన మోత విన్నాను.

మా ఆయన ఇంకా తింటున్నాడు. పళ్లెంలో ఏమీ లేదు, అయినా చెయ్యి నోటికి వెళ్లి వస్తూనే ఉంది.

"చాలు నాయనా, పోయినారు. ఇంగ చెయ్యి కడుక్కో" అంది ఆమె. నేను నీళ్లు తెస్తే ఆయన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆమె నా చేతిలోని చెంబును ఎడమచేత్తో అందుకుని, ఆయన చెయ్యి ముందుకు వచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది. నీళ్లు పడగానే ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పొగ చూసి ఆగిన ఆటోలో ముగ్గురం ప్రొద్దుటూరు ఆసుపత్రికి వెళ్లాం. దారిలో పేరు అడిగాను.

"పేరు చెప్తే కులం తెలుస్తాది, ఊరు చెప్తే పార్టీ తెలుస్తాది. కూడు పెట్టినదానికి అవన్నీ ఎందుకు తల్లీ? నేనూ నిన్ను అడగను."

చెయ్యి ఎలా విరిగిందని డాక్టరు అడిగితే, "సంగటి కెలుకుతాంటే" అని చెప్పింది. "అంత గట్టి సంగటి ఎవరికమ్మా?" అన్నాడాయన. "చుట్టాలు వచ్చిండ్రి" అంది.

మా ఆయన తలకు కుట్లు పడ్డాయి, భుజం అతుక్కుంది. ఇక ఏ బూత్‌లోనూ కూర్చోనని మేనమామకు చెప్పేశాడు. ఇప్పటికీ తిన్నాక నేను పక్కకు వచ్చి నిలబడితేగాని చెయ్యి కడుక్కోడు.

ఆయన కోలుకున్నాక ఆ ఇంటికి వెళ్లాం. ఆమె మణికట్టు వంకరగా అతుక్కుంది. తెడ్డు పట్టుకోబోతే నేను లాక్కుని, ఆమెను పీటమీద కూర్చోబెట్టి, ఇంటి నుంచి చేసి తెచ్చినవన్నీ వడ్డించాను. వద్దంటున్నా పెడుతూనే ఉన్నాను. చివరికి పళ్లేనికి ఎడమచెయ్యి అడ్డం పెట్టి నవ్వింది.

"చాల్లే తల్లీ. నన్ను ఎవురు తరుముకొస్తాండారని ఇంత పెడతాండావు?"