సూర్యుడి మచ్చ నా వెంటపడిన రోజు

సూర్యుడిలో లోపం వెదకబోయి, మధ్యాహ్నానికి నా బ్రతుకే చీకటైపోయిందని వణికిపోయిన వృత్తాంతం ఇది. పాఠకులు నవ్వవచ్చు; అయితే క్రమశిక్షణ పాటించి చివర నవ్వాలి.

కోలారు బంగారు గనులు ప్రభుత్వపరమైన తరువాతి సంవత్సరాలవి. అక్కడి ఆండర్సన్‌పేటలో నేను సైన్సు ఉపాధ్యాయుడిని. సూర్యబింబం మీది మచ్చలను గురించి చదివి, కిటికీ అద్దపు ముక్కకు కిరోసిన్ దీపపు మసి దట్టంగా పట్టించి, ఉదయాన్నే మిద్దె ఎక్కాను. మసి ఉన్న వైపును నా కళ్ళజోడుకు ఆనించి చూశాను. ఎర్రని బింబం మీద ఎంత పెద్ద నల్లమచ్చ! సంతోషంతో అద్దం దించాను. మచ్చ మాత్రం దిగలేదు.

గని వ్యర్థాల సైనైడ్ దిబ్బను చూస్తే దిబ్బ మీద వాలింది. ఎదురింటి గోడను చూస్తే గోడ ఎక్కింది. పైకి వచ్చిన నా భార్య సావిత్రిని చూస్తే, పిలవని చుట్టంలా ఆమె ముక్కు మీద కూర్చుంది. ఎడమకన్ను మూశాను, మచ్చ ఉంది. కుడికన్ను మూశాను, లేదు. నా కుడికన్ను పోయిందని శాస్త్రీయంగా నిరూపితమైంది.

"ఏమండీ, మీ మొగాన..."

"మాట్లాడవద్దు. కోలారు వైపు పని ఉంది, బయలుదేరు."

"ఇంగ బడి?"

"సెలవు."

నేను మాట్లాడేటప్పుడు అడ్డు రాకూడదన్నది మా ఇంటి మొదటి నియమం. సావిత్రి మెట్లు దిగి ప్రయాణానికి సిద్ధమైంది.

బస్సు కండక్టరు నా పాత శిష్యుడు. నన్ను చూడగానే పాలిపోయాడు.

"దెబ్బ ఏమన్నా తగిలిందా సార్?"

"ఎందుకు అడిగావు? నా కన్ను ఎలా ఉంది?"

"బాగుండాది సార్. శానా బాగుండాది."

అవసానదశలో ఉన్నవారితోనే మనుషులు అంత మృదువుగా మాట్లాడతారు. తడుముకుంటూ నల్లబల్ల మీద రాసే నేనూ, నా ఎదుటే నిర్భయంగా కాపీ కొట్టే తరతరాల విద్యార్థులూ కళ్ళకు కట్టారు. అదీ ఒక కంటికే.

కోలారు పక్కన తమక అనే ఊళ్ళోని కళ్ళ డాక్టరు పెద్దాయన. నా విన్నపమంతా విని, "ముందు అద్దాలు తీయప్పా" అన్నాడు.

తీశాను.

"గోడ చూడు. మచ్చ ఉండాదా?"

"లేదు."

"ఇదో, అద్దానికి మసి. కన్ను చుట్టూ కూడా ఉండాది. నాటకమేమన్నా ఆడి వచ్చినావా?"

నేను సావిత్రి వైపు తిరిగాను. "నీకు కనబడలేదా?"

"పొద్దున్నే కనబడింది. చెప్పబోతే మాట్లాడొద్దంటిరి. బస్సులో అందరూ చూసినారు. మీకు చెప్పే ధైర్యం ఎవురికుండాది?"

డాక్టరు మాత్రం నవ్వలేదు. "మసి అద్దంతో సూర్యుణ్ణి చూస్తే ఈసారి నిజంగానే కన్ను పోతాది" అన్నాడు.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. తెల్లకాగితం మీద పడిన ప్రతిబింబంలో తప్ప ఇక సూర్యుణ్ణి చూడను. మా ఇంటి మొదటి నియమానికి సవరణ కూడా చేశాను: నాలో మచ్చ ఏదైనా కనబడితే సావిత్రి అడ్డు వచ్చి చెప్పవచ్చు. ఆనాటి నుండి ఈనాటి వరకు ఆమె నా మచ్చల గురించి తప్ప మరే మాటా మాట్లాడడం లేదు.