హన్మండ్లు తీసిన జానెడు తరుగు

ముప్పై రెండేళ్లు వచ్చేదాకా హన్మండ్లు సముద్రం చూడలేదు. చూడనందుకు కొంపేం మునగలేదు. ఆర్మూర్‌లో రైతుల పంట అమ్మిపెట్టే ఒక అడ్తి కొట్టు ముందు కాంటా దగ్గర నిలబడి పసుపు బస్తాలు తూచేవాడు. పన్నెండేళ్లు అదే పని. ముల్లు ఆగగానే బరువు చూసి, అందులోంచి మట్టికని రెండు కిలోల తరుగు మనసులోనే తీసేసి, మిగిలిన అంకె బజారంతా వినబడేలా అరిచేవాడు. ఆ తీయడానికి ఆలోచన అక్కర్లేదు, రెప్ప వేసినంత అలవాటు.

ఎనభై తొమ్మిదిలో మస్కట్ వీసా వచ్చింది. ఏజెంటు తోటపని అన్నాడు. తీరా దిగాక పడవ ఎక్కించారు! సర్వే కంపెనీ పడవ అది. సముద్రం అడుగున భూమి కదిలితే నీళ్లు లేచి ఊళ్ల మీద పడతాయట. ఏ ఇంటిదాకా వస్తాయో ముందే తెలియాలంటే ఒడ్డున నేల ఎత్తూ, నీటి కింద నేల లోతూ కొలిచి ఒకే పటంలో కలపాలట. మలయాళీ ఇంజనీరు కురియన్ సారు వచ్చీరాని హిందీలో ఇదంతా రెండుసార్లు చెప్పాడు. హన్మండ్లు రెండుసార్లూ తల ఊపాడు. ఏం అర్థమైంది, పాపం? కనబడని నేలను కొలవాలి, అదీ ఇంకా రాని నీళ్ల కోసం!

పని మాత్రం సులువే. లోతు తక్కువ ఉన్నచోట సీసం గుండు కట్టిన తాడు వదలాలి. గుండు అడుగు తగలగానే తాడు మీది గుర్తు చూసి అంకె అరవాలి. అరవడంలో మనవాడికి సాటెవరు? ఒడ్డు మీద అంకెల బద్ద నిలబెట్టి పట్టుకునే పని జక్రాన్‌పల్లి గంగాదాస్‌ది. ఇద్దరిదీ ఒకే గది, ఒకే గిన్నెలో వంట.

మూడు నెలలకు గొడవ మొదలైంది. పోటుకు నీళ్లు పొంగినప్పుడు పడవ మీంచి కొలిచిన చోటికే, నీళ్లు వెనక్కి పోయాక గంగాదాస్ నడిచి వెళ్లి బద్ద పెట్టాడు. రెండు లెక్కలూ ఒకటే కావాలి. కాలేదు. పడవ లెక్కలో నేల జానెడు పైకి ఉంది. పటంలో ఒడ్డు పొడవునా ఒక మెట్టు లేచింది. కురియన్ సారు యంత్రం మార్చాడు, లెక్కలు మళ్లీ వేశాడు, జుట్టు పీక్కున్నాడు. మెట్టు కదల్లేదు. చివరికి కంపెనీ మేనేజరు తేల్చేశాడు: బద్ద పట్టినవాడు వంకరగా పట్టి ఉంటాడు, శుక్రవారం విమానంలో ఇంటికి పంపేయండి.

గంగాదాస్ గదిలోకి వచ్చి కూలబడ్డాడు.

"సక్కగనే పట్టిన అన్నా. పోచవ్వ కడుపుతోని ఉన్నది. ఏం ముఖం పెట్టుకోని ఊళ్లె దిగాలె?"

"ఏడువకురా. గా మెట్టు ఏడికెల్లి వచ్చిందో నాకూ సమజైతలేదు. నేనైతే మస్తు సక్కగ చెప్తున్న. తాడు మీద రెండు మీటర్లు ఉన్నదనుకో, జానెడు తరుగు తీసి మిగిలింది చెప్త."

గంగాదాస్ ఏడుపు ఠక్కున ఆగింది. "తరుగా? ఎవరు తియ్యమన్నరే?"

"ఒకలు చెప్పుడేంది? గుండుకు బురద అంటదా? కాంటకాడ తియ్యమా?"

అనేశాక హన్మండ్లుకు తట్టింది, ఆ జానెడే ఈ మెట్టు. చెబితే ఆ విమానం తనది. చెప్పకపోతే ఎదురుగా కూర్చున్నవాడిది. తను చేసింది తప్పో కాదో కూడా తేలడం లేదు. ఛీ, ఇదేం బతుకు అనుకుంటూ చెప్పులు వేసుకున్నాడు.

తరుగంటే ఏమిటో కురియన్ సారుకు ఎక్కడానికి చాలాసేపు పట్టింది. ఎక్కాక హన్మండ్లు చెయ్యి పట్టుకుని, వేళ్లు చాపించి, బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా స్కేలు పెట్టాడు. ఇరవై ఒక్క సెంటీమీటర్లు.

"ప్రతిసారీ ఇంతే తీశావా?"

"ప్రతిసారీ సార్. బురదున్నా, ఇసుకున్నా."

సారు నవ్వాడో ఏడ్చాడో హన్మండ్లుకు అర్థం కాలేదు. మూడు నెలల లోతులన్నిటికీ ఇరవై ఒకటి కలిపారు. మెట్టు మాయమైంది. గంగాదాస్ ఉండిపోయాడు. శుక్రవారం విమానం హన్మండ్లు ఎక్కాడు.

మళ్లీ అదే కొట్టు, అదే కాంటా. మొదటిరోజే సిరికొండ నీలవ్వ బస్తా వచ్చింది. ముల్లు డెబ్బై దగ్గర ఆగింది. హన్మండ్లు అంకె అరవకుండా ముల్లు వంకా బస్తా వంకా చూశాడు.

"గట్ల సూస్తవేంది బిడ్డా? తియ్యి, గా రెండు కిలోలు. ఉడకబెట్టి, ఎండబోసి, మెరుగుబట్టి తెచ్చిన. గా బస్తల మట్టి ఏడున్నదో జర నాకు సూపెట్టు."

హన్మండ్లు బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టాడు. చేతికి పసుపే అంటింది.

"డెబ్బై!" అని అరిచాడు.

"తరుగేదిరా?" అని లోపల్నుంచి సేటు గద్దించాడు.

అక్కడ మూడు నెలలు తీసింది ఒక్కరోజులో కలిపేశారు. ఇక్కడ పన్నెండేళ్లు తీసింది ఎవరి బస్తాలో కలపాలో తెలియక, హన్మండ్లు పచ్చని చెయ్యి అట్లాగే చాపుకుని నిలబడ్డాడు.