కల్లుతో దీపం వెలిగించిన మేడమ్

మా కెమిస్ట్రీ మేడమ్ పోయారన్న కబురు వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. "పొద్దుగాల చాయ్ తాగింది అక్కా. పేపర్ తెమ్మన్నది. తెచ్చేవరకు కుర్సీల గట్లనే ఒరిగి ఉన్నది" అంది. "చాయ్‌ల చక్కెర తక్కువైందని నామీద కోపం చేసి మరీ పోయింది" అని కూడా అంది. ఇద్దరం ఫోన్‌లోనే నవ్వాం. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

జగిత్యాల జూనియర్ కాలేజీలో ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎక్కడికి పోయినా ఒకరో ఇద్దరో తగులుతారు. మందుల షాపులో ఉంటారు, బ్యాంకులో ఉంటారు, బడిలో పంతుళ్ళుగా ఉంటారు. నేను కోరుట్ల నుంచి వేములవాడ పోయే దారిలో పెట్రోల్ బంక్ నడుపుతున్నాను. "నా స్టూడెంట్లల్ల రోజూ కెమిస్ట్రీని అమ్ముకునేది నువ్వొక్కదానివే బిడ్డా" అనేవారు మేడమ్. రిటైరయ్యాక ఆమె కోరుట్లలో కూతురి దగ్గరే ఉన్నారు. పాత స్కూటీలో పెట్రోలు పోయించుకునే నెపంతో మా బంక్‌కు వచ్చి, ఆఫీసు గదిలో కూర్చుని, చక్కెర ఎక్కువేసిన చాయ్ తాగి పోయేవారు.

ఆమె పాఠం మొదలుపెట్టే తీరే వేరు. ఇంటర్ రెండో ఏడు, ఆల్కహాల్ పాఠం రోజున పుస్తకం తెరవలేదు. సంచిలోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టి మూత తీశారు. పుల్లటి వాసన గదంతా పాకింది. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి.

"ఏం వాసనో ఎర్కలేనట్టు మొఖాలు పెట్టకుర్రి. కల్లే ఇది" అన్నారు. కల్లును గాజు కుప్పెలో పోసి, కింద మంట పెట్టి, పైన వచ్చే ఆవిరిని గొట్టంలో చల్లార్చి, చుక్కలు చుక్కలుగా పట్టారు. "నీళ్ళ కంటె స్పిరిటుకు తొందరెక్కువ. వేడి తగులంగనే ముందుగాల అదే లేస్తది" అంటూ, పట్టిన దాన్ని మళ్ళీ మరగబెట్టారు. ఇంతలో వాసన వరండా దాటి ప్రిన్సిపాల్ గది దాకా పోయినట్టుంది, ఆయన గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"కాలేజిల కల్లు ఏంది మేడమ్?"

"తాగెటందుకు కాదు సార్, మండిచ్చెటందుకు. కూసోండ్రి, మీరు గూడ సూద్దురు."

ఆయన ఏమనుకున్నారో, వచ్చి మా పక్క బెంచీలో కూర్చున్నారు. మేడమ్ కిటికీలు మూయించి, ఆ స్పిరిటును గిన్నెలో పోసి అగ్గిపుల్ల గీశారు. పొగ లేదు. లేత నీలం మంట, ఉందో లేదో అన్నట్టు. "దీని పేరు ఇథనాల్. తాటిచెట్టు ఎండను గుంజుకొని తీపి చేసింది. తీపి పులిస్తె ఇది అయింది. అంటె ఇప్పుడు మండుతున్నది ఎండనే" అన్నారు. ఇంటర్‌లో చదివినవి చాలా మరిచిపోయాను కానీ, ఆ మాట మాత్రం ఇప్పటికీ నాకు పాఠంలా కాక ఏదో శుభవార్తలా గుర్తుంటుంది.

ఆ ఇథనాలే రెండేళ్ళ కింద వానాకాలంలో నన్ను ఇరకాటంలో పెట్టింది. మేం బంక్ తీసుకుని అప్పటికి ఎంతో కాలం కాలేదు. మా ఆయన పని మీద జగిత్యాల పోయాడు, నేనొక్కదాన్నే ఉన్నాను. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఒకాయన పొద్దున మా దగ్గర పెట్రోలు పోయించుకుని కోరుట్ల వైపు పోయాడు. గంట తిరక్కుండానే బండిని తోసుకుంటూ, చెమటలు కక్కుతూ తిరిగొచ్చాడు. బండి నడిరోడ్డు మీద ఆగిపోయిందట. మా నాజిల్ నుంచే ఒక ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు పట్టమన్నాడు. అందులో కొంచెం నీళ్ళు పోసి ఊపాడు. నీళ్ళు అడుగుకు చేరాయి. కానీ పోసినన్ని కాదు, దాదాపు రెండింతలు.

"సూడుర్రి. నేను పోసిందెంత, అడుగున ఉన్నదెంత? మిగిలిన నీళ్ళు ఏడికెల్లి వచ్చినయి?" అని సీసా పైకెత్తి అందరికీ చూపించాడు. ఫోన్లు బయటికి వచ్చాయి. కారణం నాకు తెలుసు, కానీ కోపంగా ఉన్న ఇరవైమందికి దాన్ని ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఆ వీడియో నాలుగు ఊళ్ళు తిరిగితే బంక్ మూసుకోవాల్సిందే.

అదృష్టం కొద్దీ అప్పుడే మేడమ్ స్కూటీ వచ్చి ఆగింది. ఆమె జనాన్ని తప్పించుకుని వచ్చి సీసా అందుకున్నారు. కళ్ళద్దాలు పైకి తోసుకుని చూశారు.

"మంచిగ చేసినవు నాయనా. కాకపోతె ఒక మెట్టు ఇడిసిపెట్టినవు. నీళ్ళు పొయ్యకముందు పెట్రోలు ఎట్లుండె?"

"మామూలుగనే ఉండె."

"అడుగున ఏమన్న చేరిందా?"

"లేదు."

"అయితె అప్పుడు నీళ్ళు లేవు. ఇగ విను. పెట్రోల్ల ఇథనాల్ కలిపి అమ్ముతున్నరు, అది సర్కారు లెక్కనే. ఈ ఇథనాల్ పెట్రోలుతోని కాపురం చేస్తది గని, నీళ్ళు కనవడితె ఆగది. పుట్టింటోళ్ళు వచ్చిన్రంటె అత్తగారింట్ల ఎవరన్న కూసుంటరా? నువ్వు నీళ్ళు పోసినవు, అది ఉరికొచ్చి వాటిల కలిసింది. అందుకే అడుగున ఎక్కువైంది."

గుంపులో ఒకామె ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో సగం కోపం దిగిపోయింది. కానీ సిరిసిల్ల ఆయన తగ్గలేదు. "మరి నా బండెందుకు ఆగింది?" అన్నాడు. అది న్యాయమైన ప్రశ్నే. మేడమ్ అతని బండి ట్యాంకు మూత తీయించారు. మూతకుండే రబ్బరు పగిలి ఉంది. రాత్రంతా బండి వానలో ఉందట. ట్యాంకులోది గాజు సీసాలోకి దింపితే, అడుగున నీళ్ళ పొర వేరుగా కనిపించింది. వాన నీళ్ళు ఇథనాల్‌ను వెంటబెట్టుకుని అడుగుకు దిగాయి, ఇంజను ఆ అడుగుదాన్నే పీల్చింది. ఆయన ట్యాంకు మూత అందుకుని, పగిలిన రబ్బరును వేలితో తడిమి చూసుకున్నాడు.

నేను హాయిగా ఊపిరి తీసుకోబోయాను. మేడమ్ తీసుకోనివ్వలేదు.

"ఇంకొకటి గూడ వినుర్రి. ఇది కలిస్తె మైలేజీ కొంచెం తగ్గుతది. ఇథనాల్‌కు వట్టి పెట్రోలంత బలం లేదు. ఎవరన్న అడిగితె బంకోళ్ళు చెప్పాలె." నేను ఆమె వైపు దీనంగా చూశాను. "నిజం సగమే చెప్తె కల్తీ అయితది బిడ్డా. నీ దగ్గర కల్తీ లేదనే కద నేను చెప్పేది" అన్నారు.

అక్కడ నిలబడ్డ ఒక ముసలి రైతు మక్కల గురించి, అంటే మొక్కజొన్నల గురించి, అడిగాడు. "గీ ఇథనాల్‌ను మక్కల నుంచి చేస్తరంట కద మేడమ్. తినే మక్కలను బండ్లకు పోసుడు మంచిదేనా?"

మేడమ్ ఆయన వైపు తిరిగారు. "మక్క పెరిగేటప్పుడు గాలిల నుంచి గుంజుకున్న కార్బన్‌నే, మండేటప్పుడు మళ్ళ గాలికి ఇస్తది. మళ్ళ ఏడాది మళ్ళ పండుతది. భూమిల నుంచి తీసే నూనె గట్ల కాదు. గని పొలానికి నీళ్ళు, మందులు, ఫ్యాక్టరీకి కరెంటు, ఇవన్ని గూడ లెక్కల పట్టాలె. ఇగ తినుడా, మండిచ్చుడా అంటవా, గది నా పుస్తకంల లేదు పెద్దయ్యా. గది మనమందరం కూసోని తేల్చుకోవాలె" అన్నారు. ఆయన తలూపాడు. తెలియని చోట తెలియదనే మాట ఆమె ఎంత సులువుగా అనేవారో.

ఆ రోజు నుంచి వానాకాలంలో పొద్దున్నే మా ట్యాంకులో నీళ్ళు దిగాయేమో కస్టమర్ల ముందే చూస్తాం. రాడ్‌కు నీళ్ళు తగిలితే రంగు మారే పేస్టు పూసి దింపుతాం. అదీ మేడమ్ పెట్టిన నియమమే.

సిరిసిల్ల అన్న దసరా ముందర మళ్ళీ వచ్చాడు. తన సాంచాల మీద నేసిన చీర ఒకటి మేడమ్ కోసం తెచ్చాడు. నేను ఆయన్ను కోరుట్లలో వాళ్ళింటికి తీసుకుపోయాను. మేడమ్ చీర మడత విప్పి, పోగు చూసి, "ఇది పాలిస్టర్. ఇది గూడ భూమిల నూనె బిడ్డనే. నీ ఇంట్ల గూడ కెమిస్ట్రీ నడుస్తున్నదన్నట్టు" అన్నారు. ఆయన తెల్లబోయి, తర్వాత పెద్దగా నవ్వాడు. ఆ సాయంత్రం ఇద్దరూ చాలాసేపు కూర్చున్నారు. దారం ఎందుకు తెగుతుందో ఆయన చెప్తుంటే, కాలేజీ పిల్లలా ప్రశ్న మీద ప్రశ్న వేశారు మేడమ్. మధ్యలో నన్నెవరూ పట్టించుకోలేదు.

దహనానికి ఆయన కూడా వచ్చాడు. ఎక్కడెక్కడి నుంచో ఆమె స్టూడెంట్లు వచ్చారు. బట్టతలలు, తెల్లజుట్లు, ఒకరిద్దరు చేతికర్రలు. ఏడ్వడానికి వచ్చినవాళ్ళంతా మేడమ్ తమను ఎప్పుడు ఎట్లా తిట్టారో చెప్పుకుని నవ్వుకున్నారు. కూతురు అందరికీ చాయ్ పోసింది. ఈసారి చక్కెర ఎక్కువేసింది. ఎవరూ ఒక్క గుక్క కూడా మిగల్చలేదు.

తిరిగి బంక్‌కు వస్తుంటే, కోరుట్ల దాటాక రోడ్డు సగం మేర మక్కలు ఆరబోసి ఉన్నాయి. ఎండలో పసుపు పరిచినట్టు ఉంది. ఒక ముసలమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, వట్టి కాళ్ళతో మక్కల్లో నడుస్తూ వాటిని తిరగేస్తోంది. ఆమె అడుగుల వెనక పొడుగ్గా చాళ్ళు పడుతున్నాయి. ఎదురుగా ఒక పెట్రోల్ ట్యాంకర్ వచ్చింది. డ్రైవర్ వేగం తగ్గించి, రెండు చక్రాలు రోడ్డు దించి, ఒక్క గింజ నలగకుండా మెల్లగా దాటించుకుపోయాడు. ముసలమ్మ తలెత్తి చూడలేదు. చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, ఇంకో చాలు మొదలుపెట్టింది.