తెల్ల కుందేళ్లకు ఇళ్లు వెతికిన రోజులు

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు. యుద్ధం జరుగుతున్న రోజులు. ఆదోనిలో మా మామగారిది పత్తి వ్యాపారం. మా ఇంటికి ఆనుకుని ఉన్న చిన్న మిద్దెను బాడుగకు ఇచ్చేవారు. అందులో ఉన్న గుమాస్తా కుటుంబానికి ఉన్నట్టుండి బదిలీ వచ్చింది. సామాను బండికెక్కించి ఒక్క పూటలో వెళ్లిపోయారు.

నాలుగో రోజు నేను మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తుంటే, పక్క మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాక్షిలోంచి ఏదో గోకుతున్న చప్పుడు వినిపించింది. వంగి చూశాను. లోపల ఒక చెక్క పెట్టె. కమ్మీల సందున తెల్లగా ఏదో కదిలింది.

మా అత్త తాళం తీసింది. పెట్టెలో ఏడు కుందేళ్లున్నాయి. రెండు అప్పటికే చచ్చిపోయాయి. మిగిలిన ఐదింటికీ పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. ముంతలో నీళ్లు పెడితే మూతులు ముంచి ఎంతసేపటికీ పైకెత్తలేదు.

మామగారు వచ్చి చూసి తల అడ్డంగా ఊపారు. "పక్కనే పత్తి గోదాము ఉండాది. ఇవి పోయి మూటలు కొరికితే ఎవురు సూసుకుంటారు? అమాస కాంగానే కొత్తోళ్లు బాడుగకు వస్తాండారు. ఆలోగా యాడికన్నా పంపించండి."

అమావాస్యకు పది రోజులుంది. మా ఇంట్లో మాంసం వాసన కూడా తెలియదు. ఊరంతా అలాంటిది కాదని మాత్రం నాకు తెలుసు.

కుందేళ్లు ఇచ్చేస్తున్నామని తెలిసి మొదట వచ్చి అడిగినాయన చాలా మర్యాదస్తుడు. ఒక కుందేలును ఎత్తుకుని దాని వీపు మీద వేళ్లతో నొక్కి చూశాడు. "ఇంగొక నెల మేపితే కండ పడతాదమ్మా" అన్నాడు. "ఇయ్యనప్పా" అని ఆయన చేతుల్లోంచి తీసేసుకున్నాను. అప్పటినుంచి ఎవరు వాకిట్లో నిలబడినా వాళ్ల ముఖం కన్నా చేతులనే ముందు చూసేదాన్ని. అన్నం సయించేది కాదు. చివరికి నాకు నేనే ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. మాంసం తినని ఇళ్లకే ఇవ్వాలి.

ఎమ్మిగనూరులో ఉన్న మా పెద్దమ్మకు కార్డు రాయించాను. మూడింటిని పెట్టుకుంటామని జవాబు వచ్చింది. మా ఆయన వాటిని గంపలో పెట్టుకుని పెట్రోలు కరువై బొగ్గుతో నడుపుతున్న బస్సులో తీసుకుపోయి దించి వచ్చారు. ఎక్కడ పెట్టారు, ఏం వేశారు అని నేను అడుగుతూనే ఉన్నాను.

"పిల్లోళ్లు ఆకులేస్తాండారు. ఇంకేం కావల్ల నీకు?" అన్నారాయన విసుగ్గా.

ఆ రోజు కడుపునిండా తిన్నాను.

ఇంకా రెండు మిగిలాయి. అమావాస్య ఎల్లుండి అనగా, రవికెలు కుట్టే సాయబుల ఆమె బట్టలకోసం వచ్చింది. భర్త పోయాక కుట్టుమిషను మీదే బతుకుతున్న మనిషి. పెట్టె ముందు చాలాసేపు కూర్చుని, "నాకిస్తావా బేటీ?" అంది.

నా చూపు ఆమె చేతుల మీదికి పోయింది. ఆమెకు అర్థమైంది.

"మేము తినేటోళ్లమే. అబద్ధం ఎందుకు సెప్పల్ల. అయితే పెంచుతానని తీసుకపోయిన దాన్ని కోసేదాన్ని కాను. నమ్మితే ఇయ్యి, లేకుంటే లేదు."

తలుపు వెనకనుంచి మా అత్త అంది: "ఇచ్చెయ్యమ్మా. అంత మాట ముందే సెప్పింది ఈమొకతే."

ఇచ్చానే గానీ మనసు నిలవలేదు. బాగానే ఉన్న రవికెను సరిచేయించాలన్న వంకతో వారానికే ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా ఒళ్లో పెట్టేసింది. "దీనికేమీ కాలేదు. కుందేళ్లు మిషను కింద ఉండాయి, సూసుకో పో."

గుడ్డపేలికల కుప్ప మీద రెండూ ముడుచుకుని నిద్రపోతున్నాయి.

శ్రావణంలో మంత్రాలయానికి పోతూ నేనూ మా అత్తా ఎమ్మిగనూరులో దిగాం. పెద్దమ్మ ఇంట్లో గంప గోడకు ఆనించి ఉంది. ఖాళీగా ఉంది.

"గోడ కింద బొక్కలు తవ్వుతాండె అమ్మీ" అంది పెద్దమ్మ. "మనం సంపకూడదు కదా. సేను గట్టున వదిలేపిచ్చినాము. గడ్డి తిని బతుక్కుంటాయిలే."

పుణ్యమే చేసినట్టు చెప్పింది. నల్లరేగడి చేలో తెల్ల కుందేళ్లు. కుక్కలు, గద్దలు. వాళ్లు ఏం తింటారన్నది తప్ప నేను వేరే ఏదీ ఆలోచించలేదని అప్పుడు తెలిసింది.

బస్సు పోతే పోనీ అంది మా అత్త. చేను గట్టంతా వెతికాం. కలబంద మొదట్లో తెల్లటి వెంట్రుకల కుచ్చొకటి దొరికింది, అంతే. తిరిగి వచ్చేటప్పుడు నేతగాళ్ల వీధిలో, ముక్కూమొహం తెలియని వాళ్ల గడప ఎన్నడూ తొక్కని మా అత్త ప్రతి తలుపు దగ్గరా నిలబడి అడిగింది.

ఒక ఇంట్లో మగ్గం ఆగింది.

"తెల్లదా? ఈడే ఉండాది" అన్నాడు నేసే ఆయన. "నెల కిందట వానలో తడిసి వచ్చినాది. మగ్గం గుంతలో నా కాళ్లకాడ కూసుంటాది. ఎవురిదో తెలీక ఉంచుకున్యాము. తీసుకపోతారా?"

రాట్నం తిప్పుతున్న ఆయన భార్య చెయ్యి ఆగిపోయింది. నేను గుంత అంచున కూర్చుని చూశాను. కుందేలు బాగా ఒళ్లు చేసింది. ఒక చెవి చివర చీలి ఉంది. కుక్కలు లోపలికి వస్తాయా, నూలు కొరికితే ఏం చేస్తారు, ఇల్లు మారితే ఎలాగ అని ఒక్కొక్కటే అడిగాను. ఆయన ఓపికగా అన్నిటికీ జవాబు చెప్పాడు.

"మీకాడే ఉండనీయన్నా" అన్నాను. ఆమె మళ్లీ రాట్నం తిప్పసాగింది. మిగిలిన రెండూ ఏమయ్యాయో ఎప్పటికీ తెలియలేదు.

ఆదోనికి వచ్చాక కుట్టే ఆమె కబురు పంపింది. కుందేలు నాలుగు పిల్లలు పెట్టిందట. అవి పెద్దవై గడ్డి కొరకడం మొదలుపెట్టాక అడిగేవాళ్లు వచ్చారు. "ఇల్లు నా కండ్లతో సూడందే ఇయ్యను. నువ్వూ రా" అంది. మా అత్తను అడిగి వెళ్లాను. మొదటి ఇంటి వాకిట్లో ఒక కుక్క కట్టేసి ఉంది. ఇద్దరం లోపలికి పోకుండానే వెనక్కి తిరిగాం.