మా నూకరాజు కట్టిన వంతెన మీద నడిచొచ్చాను

మా పెద్దోడు నూకరాజు వంతెన పనిలో ఉండగా కింద క్రీకులో, అంటే సముద్రపు పాయలో, పడి చనిపోయి మూడేళ్లు. "అతను మా పనివాడే కాదు, చేపలు పట్టడానికొచ్చి పడ్డాడు" అంది కంపెనీ. పోయిన వారం మానవ హక్కుల కమిషన్ ఉత్తర్వు వచ్చింది. నూకరాజు కంపెనీ పనివాడేనట, నడుముకి తాడు కట్టకుండా పైకి ఎక్కించడం కంపెనీ తప్పేనట! ఏడో తరగతి చదువు నాది, కూడబలుక్కుని ఎన్నిసార్లు చదివానో! ఇన్నాళ్లూ చూడలేకపోయిన ఆ వంతెన దగ్గరికి, ఆ కాగితం జేబులో పెట్టుకుని బయలుదేరాను. అండమాన్‌లో డిగ్లీపూర్ వైపు వెళ్లేవాళ్లకి పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మా ఇల్లు గరాచర్మలో. పోర్ట్ బ్లెయిర్ స్టాండులో బస్సు తెల్లవారుజామున నాలుగింటికి. టికెట్ ముందురోజే తీసుకోవాలి. జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర ఆరింటిదాకా ఆపారు. అక్కడ టీ తాగేయండి, ఆ తర్వాత జారవా ఆదివాసుల అడవిలో బండి ఆపరు, ఫొటోలు తీయనివ్వరు. బారాటాంగ్ వెళ్లే దారిలో బస్సుతో సహా ఫెర్రీ ఎక్కాం. మడచెట్ల వాసన తగిలేసరికి వాడి ఫోను మాటలు గుర్తొచ్చాయి. "నాన్నా, వంతెనలన్నీ అయిపోనీ, పొద్దున్న బయల్దేరితే మద్దేన్నం కూడు నా కాడే తింటావు" అనేవాడు.

ఆ మధ్యాహ్నం కూడు రంగత్‌లో ఒక్కణ్ణే తిన్నాను. హోటల్లో వండే సరోజ మన తెలుగామే.

"ఏటి తాతా, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు? లాటరీ తగిలిందేటి?"

"మావోడి కేసు గెలిచామమ్మా!"

"మరి వోణ్ణి తేలేదేటి?"

వాడు లేడని, కేసు సంగతీ అంతా చెప్పాను. మొదటి తప్పు నాదే. కమిషన్‌కి పెట్టిన అర్జీలో వాడి వృత్తి దగ్గర 'చేపల వేట' అని రాశాను. మా ఇళ్లలో ఎవరు ఏ పనికి వెళ్లినా కాగితాల్లో అదే రాస్తాం మరి! కంపెనీ ఆ ముక్కే పట్టుకుంది.

"మరెలా గెలిసినారు?"

"వాడు పోయిన రోజు గంగమ్మ పండగమ్మా."

"అచ్ఛా! పండగనాడు వల ముట్టుకోరు కదా!"

"అదే చెప్పాను. ఆ రోజు మావాళ్లెవరూ వేటకి పోరని మా బస్తీవాళ్లంతా వచ్చి సాక్ష్యం చెప్పారు."

సరోజ నా ఆకులో ఇంకో చేప ముక్క వేసి, "ఇది నీ కొడుకు వాటా" అంది.

మూడు గంటలకి వంతెన కనబడింది. "భయ్యా, ఇవతలే దింపు" అన్నాను.

"పాగల్ హో క్యా చాచా? స్టాపు అవతలుంది. ఎండలో నడుస్తావేటి?" అన్నాడు డ్రైవరు.

"నడవడానికే వచ్చాను నాయనా."

ఇప్పుడు రెండు పక్కలా నడుమెత్తు రెయిలింగ్ ఉంది. ఏ బోల్టు వాడు బిగించాడో తెలీదు, అందుకని అన్నీ తడుముకుంటూ నడిచాను. మధ్యలో ఆగి, ఉత్తర్వు తీసి, నీళ్లకి వినబడేలా పైకి చదివాను. కింద పడవలో ఒకాయన తలెత్తి చూశాడు. "మావాడు కట్టిన వంతెన!" అని అరిచాను. ఆయన చెయ్యెత్తి ఊపాడు.

ఇంత సంతోషం నా జన్మలో ఎరగను. కానీ ఏ సంతోషమొచ్చినా ముందు వాడికే ఫోన్ చెయ్యడం నాకలవాటు. వంతెన మీద కూడా ఫోను కోసం చెయ్యి జేబులోకి వెళ్లింది.

మీరు అటు వెళితే ఒక్క మాట. బస్సులో అర నిమిషంలో వంతెన దాటిపోతుంది. డ్రైవరుకి ముందే చెప్పి ఇవతల దిగండి, నడిచి దాటండి.