చిన్నక్షరాల కింద సంతకం

నా షాపుల ఒక్కటే నియమం. చేయించుకునేటోళ్లు ప్రూఫ్, అంటే నమూనా కాయితం, చదువుకొని, కింద "చూసుకున్న, సరిగ్గ ఉంది" అని రాసి సంతకం పెట్టినంకనే ప్రింటు కొడ్త. పెండ్లి కార్డైనా పాంప్లెట్ అయినా గంతే. ఆ తర్వాత తప్పు దొరికితే నన్ను అడుగొద్దు. మెదక్‌ల ఇంతమందితోని సంతకాలు పెట్టించుకున్న నేనే, ఒకనాడు ఏం చదవకుండ ఒప్పుకున్న. గా మంట ఇంకా ఆరలే.

కంప్యూటర్లు రిపేరు చేసెటోడు ఒకడుండె. అక్కా అక్కా అనుకుంట తిరిగేటోడు. పీడీఎఫ్‌లు కలిపే సాఫ్ట్‌వేర్ కావాలంటే వాట్సాప్‌ల లింకు పంపి, ఫోన్ల చెప్పిండు. "ఫ్రీది అక్కా. నెక్స్ట్ నెక్స్ట్ కొట్టుకుంట పోండ్రి. ఐ అగ్రీ అని వస్తది, అది గూడ కొట్టుండ్రి." కొట్టిన.

మర్నాడు చర్చి దిక్కు ఉండే టీచరమ్మ వచ్చింది. చిన్నప్పుడు నాతోని అక్షరాలు దిద్దిచ్చింది ఆమెనే. ఆమె పెనిమిటి సార్ పోయి ఏడాదైతుంది, జ్ఞాపకార్థ కూడికకు కార్డు కావాలె. నా పక్కన కుర్సీల కూసోని, స్క్రీన్ మీద సార్ ఫోటో చూసుకుంట, "జర పెద్దగ చెయ్యి బిడ్డా" అన్నది. పెద్దగ చేసిన. సరిగ్గ గా ఫోటో మీదనే బట్టల్లేని ఆడమనిషి బొమ్మ వచ్చి కూసున్నది. మూస్తే ఇంకోటి, అది మూస్తే ఇంకోటి. టీచరమ్మ లేచింది. స్కాన్ కోసం తెచ్చిన ఫోటో సంచిల పెట్టుకొని, నా మొఖం చూడకుండ మెట్లు దిగి పోయింది.

ఎనుక నిలబడ్డోళ్లు చూడనే చూసిండ్రు. ఆడోళ్లు షాపుకు వచ్చుడు బందైంది. "గామె కంప్యూటర్ల ఏమేమో చూస్తదంట" అన్న మాట కూరగాయల కాడ నా చెవుల పడ్డది. ఊరు అనుకుంటే అనుకోనీ, టీచరమ్మ నన్ను గట్ల అనుకున్నదే అన్నది నాకు నిద్ర పట్టనియ్యలే. చెప్పుకుందామని రెండుసార్లు ఆమె గల్లీ మొదలుదాంక పోయి మర్లొచ్చిన. ఏమని చెప్పాలె? కొట్టింది నేనే గదా.

రిపేరాయన్ని పిలిపించిన. చూసి నవ్విండు. "ఐ అగ్రీ కొట్టింది మీరే గదక్కా. యాడ్లు వస్తయని అందుల రాసే ఉంటది."

"నువ్వు చదివినవా?"

"గదెవరు చదువుతరు?"

గా నవ్వు చూసిన్నాడే మనసుల అనుకున్న, నీ సంగతి చెప్త కొడకా అని.

వేరే మనిషితోని కంప్యూటర్ సాఫు చేయించిన. ఆ లింకుతోని ఎవరు ఎక్కించుకున్నా పంపినోనికి కమీషన్ ముడుతదని ఆయన చెప్తే నాకు ఒళ్లంత మండింది. అగ్రిమెంటు మొత్తం ప్రింటు తీసి, గిరాకి లేని మధ్యాహ్నాలు ఫోన్ల అర్థాలు చూసుకుంట లైను లైను చదివిన. తోడుగ వేరే ప్రోగ్రాములు ఎక్కుతయట. అసలుది తీసేసినా అవి పోవట. ఏం నష్టమైనా వాళ్లకు సంబంధం లేదట. అన్నీ రాసే ఉన్నయి, చీమ తలకాయంత అక్షరాలల్ల.

కొన్ని నెలలకు గా రిపేరోడే వచ్చిండు. మెయిన్ రోడ్డు మీద కొత్త షాపు తెరుస్తుండట, పేపర్ల పెట్టి పంచనీకి పాంప్లెట్లు అర్జెంటుగ కావాలెనట. కూసో తమ్మీ అని చాయ్ తెప్పించిన. రంగులు మంచిగ పెట్టి, వాని పేరు పెద్దగ కొట్టి, అడుగున గదే చీమ తలకాయంత సైజుల రాసిన: "మేము ఫ్రీ అని ఎక్కించే సాఫ్ట్‌వేర్‌తోని గలీజు యాడ్లు గూడ ఎక్కుతయి. మాకు కమీషన్ వస్తది. ఎక్కినంక మమ్మల్ని అడుగొద్దు, మీరు ఒప్పుకున్నట్టే."

"కింద చిన్నగ ఏందక్కా?"

"షరతులు. జర చదువుకో తమ్మీ."

ఫోన్ చెవికాడ పెట్టుకొనే ప్రూఫ్ మీద సంతకం గీకిండు. చదువుకో అని మళ్లొకసారి గూడ అన్న. నా పాపం ఏం లేదు.

పాంప్లెట్లు పంచిన రోజు పదిగంటలకు ఒర్రుకుంట వచ్చిండు. "ఇజ్జత్ తీసినవు గదక్కా. ఎవరు చదువుతరు గంత చిన్నగ?" వాడు సంతకం పెట్టిన ప్రూఫే తీసి ముందర పెట్టిన. "ఊరంత చదివిండ్రు తమ్మీ, నువ్వు తప్ప." గా మొఖం చూసి కడుపు నిండింది, అబద్ధం ఎందుకు చెప్పాలె.

గదే సాయంత్రం టీచరమ్మ మెట్లెక్కింది. చేతుల పాంప్లెట్ ఉన్నది. కాయితం దొరికితే చివరి అక్షరందాంక చదువుడు ఆమె అలవాటు.

"ఆనాడు వచ్చిన బొమ్మలు గిట్ల వచ్చినయేనా?"

తలూపిన.

"నా ఎనుక వచ్చి చెప్పొద్దా బిడ్డా. నేను నిన్ను తప్పుగ అనుకున్న."

సంచిలకెంచి ఒక కార్డు తీసింది. ఆనాడు నా కాడికెంచి పోయి వేరే షాపుల చేయించింది. పాత ఫైల్ మీదనే కొత్తది చేసి, పేరు మార్చుడు మర్చిపోయిండ్రు. సార్ ఫోటో కింద ఇంకెవరిదో పేరున్నది. "ప్రూఫ్ చూపియ్యనే లేదు. కూడికల అందరి చేతులల్ల గిదే" అన్నది. నాకు పొద్దటి సంబురమంత దిగిపోయింది. గా రిపేరోన్ని ఇంకింత గోస పెట్టాలె ఉండె అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తది.

టీచరమ్మ కుర్సీ గుంజుకొని కూసున్నది. "అయిపోయిందేదో అయిపోయింది. ఇంట్ల పెట్టుకోనీకి ఒక్కటి సరిగ్గ చెయ్యి" అన్నది. చేసి, ప్రూఫ్ చేతికిచ్చిన. అద్దాలు పెట్టుకొని, సార్ పేరు మీద వేలు పెట్టి మూడుసార్లు చదివింది. ఆ తర్వాత పెన్ను అడిగింది.